దరువుకు కాలెందుకు కలుస్తుంది

పరేడ్‌లో పెద్ద డ్రమ్ము దెబ్బ ఎప్పుడూ ఎడమ కాలికే పడుతుంది. కవాతు మొదలయ్యేదే ఎడమ కాలితో, ఆ తర్వాత బలమైన దెబ్బ పడ్డ ప్రతిసారీ ఎడమ మడమ నేలకు తగలాలి, కుడి కాలు మధ్యలో వచ్చే చిన్న దెబ్బలతో సర్దుకుంటుంది. ఆగస్టు మొదటి వారంలో విజయనగరంలో ఏ స్కూలు పక్కగా వెళ్లినా ఇది చూడొచ్చు. వానకి మెత్తబడ్డ గ్రౌండు, నోట్లో విజిల్‌తో పీఈటీ మాస్టారు, మెడలో డ్రమ్ము వేసుకున్న తొమ్మిదో తరగతి పిల్లాడు, అతని వెనక ఓ అరవై మంది. మాస్టారు 'లెఫ్ట్, రైట్' అని గొంతు చించుకున్నంతసేపూ వరుస పాములా మెలికలు తిరుగుతుంది, ముగ్గురు నలుగురికి ఎప్పుడూ తప్పు కాలే పడుతుంది, వాళ్లు మధ్యలో చిన్న గెంతు గెంతి కాలు మార్చుకుంటారు, మార్చుకున్నాక మళ్లీ తప్పుతారు. డ్రమ్ము మొదలైందా, పది పదిహేను అడుగుల్లో అరవై జతల బూట్లు ఒక్క చప్పుడు చేస్తాయి. ఈలోగా ఎవరూ కొత్తగా నేర్పిందేమీ లేదు. అరుపు చెవిలో పడ్డాక 'ఎడమంటే ఇటు కదా' అని బుర్ర ఒక చిన్న లెక్క వేసుకుని కాలికి చెప్పాలి. డ్రమ్ము దెబ్బకు దారిలో ఆ మజిలీ లేదు.

'తేజ్ చల్' (వేగంగా నడవమనే కవాతు ఆర్డరు) అన్నాక మన సైన్యమైనా పోలీసులైనా ఎన్‌సీసీ పిల్లలైనా నడిచేది మామూలుగా నిమిషానికి 120 అడుగులు, అడుగుకు 30 అంగుళాలు. గంటకు ఐదున్నర కిలోమీటర్లన్నమాట. ఈ 120 ఎవరో జనరల్‌గారు గుండ్రంగా ఉందని పెట్టుకున్న అంకెలా కనిపిస్తుంది. కానీ 2005లో మెక్‌డూగల్, మూర్ అనే ఇద్దరు పరిశోధకులు కదలికల్ని కొలిచే పరికరాన్ని మనుషులకు తగిలించి, వాళ్ల పనుల మీద వాళ్లను రోజంతా తిరగనిచ్చి చూస్తే, అందరి నడకా సెకనుకు రెండు అడుగుల దగ్గరే పోగుపడింది. పొడుగు, పొట్టి, ఆడ, మగ, వయసు, బరువు, వీటి వల్ల పెద్ద తేడా కనిపించలేదు. సెకనుకు రెండంటే నిమిషానికి 120. అంటే సైన్యం ఈ అంకెను కొత్తగా రుద్దలేదు, ఒంట్లో అప్పటికే ఉన్నదాన్ని పట్టుకుంది. ఒంటికి అలవాటైన ఈ వేగం నుంచి కావాలని పక్కకు జరిగే పటాలాలూ ఉన్నాయి. ఫ్రాన్స్ ఫారిన్ లీజియన్ నిమిషానికి 88 అడుగులే వేస్తుంది, చూసేవాళ్లకు అది ఏదో బరువైన యంత్రం కదిలి వస్తున్నట్టు ఉంటుంది. బ్రిటన్ రైఫిల్ పటాలాలు 140తో చకచకా పోతాయి. శవయాత్రలో స్లో మార్చ్ వేగం మామూలు కవాతులో సగానికి కాస్త ఎక్కువ, అందుకే అది చూస్తుంటేనే గొంతు పట్టేస్తుంది. ఒళ్లు ముందుకు పోదామంటుంటే డ్రమ్ము వెనక్కి లాగుతూ ఉంటుంది మరి.

మన సంగీతంలో ఈ సంగతి మాటలోనే దాగి ఉంది. తాళంలో ఒక్కో దెబ్బను ఎన్ని ముక్కలుగా పంచుతారో దాన్ని 'నడక' అంటారు, నాలుగైతే చతురస్ర నడక, మూడైతే తిశ్ర నడక అని. మనిషికి కాళ్లు రెండే కాబట్టి కవాతుకు రెండు దెబ్బల లెక్క గానీ నాలుగు దెబ్బల లెక్క గానీ కావాలి. మూడు దెబ్బల తాళం పెట్టి నడవమంటే బలమైన దెబ్బ ఒకసారి ఎడమ కాలికి, మరోసారి కుడి కాలికి పడి, కాసేపటికి వరుసంతా పక్కలకు ఊగుతుంది. మూడు దెబ్బల పాటకి ఉయ్యాల ఊపొచ్చు, నాట్యం చెయ్యొచ్చు, పరేడ్ మాత్రం కుదరదు. (రెండు పెద్ద దెబ్బలు, ఒక్కోదాని లోపల మూడేసి చిన్న దెబ్బలు ఉండే మార్చ్ ట్యూన్లు చాలానే ఉన్నాయి. అక్కడ కాలు పట్టుకునేది పెద్ద దెబ్బనే, చిన్నవి ఊపు కోసం.)

ఇదంతా పుట్టుకతో వచ్చిందా, అలవాటు మీద వచ్చిందా అంటే రెండూ కలిసే ఉన్నాయి. 2007లో జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ కొందరిని స్కానర్‌లో కదలకుండా పడుకోబెట్టి దరువులు వినిపించారు. బీట్ స్పష్టంగా ఉన్న దరువు వచ్చినప్పుడు మెదడులో కదలికల పని చూసే భాగాలు, ముఖ్యంగా లోతుగా ఉండే బేసల్ గాంగ్లియా, బాగా పనిచేశాయి. పైకి కాలు కదలకపోయినా లోపల ఎవరో స్టార్టర్ నొక్కేశారన్నమాట. ఇది అటు నుంచి ఇటు కూడా నడుస్తుంది, ఒళ్లు చెవికి నేర్పుతుంది. 2005లో కెనడాలో ఏడు నెలల పిల్లలకు హెచ్చుతగ్గులు లేని ఒకే దరువు వినిపిస్తూ కొందరిని రెండేసి దెబ్బలకు ఒకసారి, ఇంకొందరిని మూడేసి దెబ్బలకు ఒకసారి ఎత్తుకుని ఊపారు. తర్వాత వినిపిస్తే ఎలా ఊగారో అలా ఉన్న దరువునే ఆ పిల్లలు ఎక్కువసేపు విన్నారు. చంకనేసుకుని ఊపే అమ్మమ్మలు మనవలకు తాళం కూడా నేర్పుతున్నారనుకోవచ్చు, వాళ్లకా సంగతి తెలియదు.

దరువును కాదనడం ఎంత కష్టమో చెప్పాలంటే విజయనగరంలోనే మంచి కొలబద్ద ఉంది. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్‌గా వచ్చినవారు అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు. రెండు చేతులతో రెండు తాళాలు, రెండు కాళ్లతో మరో రెండు, తలతో ఇంకొకటి, ఐదింటినీ వేరువేరుగా ఒకేసారి నడిపించి పంచముఖి పరమేశ్వరుడు అనిపించుకున్నారు. ఆ బిరుదు బరువు తెలియాలంటే ఫోన్‌లో ఏదైనా మార్చ్ ట్యూన్ పెట్టుకుని, దానికి కలవకుండా, కొంచెం నెమ్మదిగా, హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నడిచి చూడండి. నాలుగో అడుగుకో ఐదో అడుగుకో కాలు దరువులోకి జారిపోతుంది. ఆయన ఐదింటిని విడదీసి పట్టుకున్నారు, మామూలువాళ్లం ఒక్కదాని నుంచి తప్పించుకోలేం.

అలాగని వేగమే సర్వస్వం అనుకోనక్కర్లేదు. బెల్జియంలోని గెంట్ యూనివర్సిటీవాళ్లు 2013లో 52 రకాల పాటలు తీసుకున్నారు, అన్నిటి వేగమూ నిమిషానికి 130 దెబ్బలే. వాటికి నడవమంటే అడుగుల సంఖ్య ఒకటే వచ్చింది గానీ అడుగు పొడుగు మారిపోయింది, కొన్ని పాటలకు జనం చాచి నడిచారు, కొన్నిటికి నీరసంగా ఈడ్చారు. దెబ్బలు రెండేసిగా గట్టిగా విడిపోయే సంగీతానికి అడుగు పొడుగవుతున్నట్టు కనిపించింది. ధన్, చిన్, ధన్, చిన్ అని పెద్ద డ్రమ్ము, కంచు తాళాలు చేసే పని సరిగ్గా అదే.

సైన్యాలు దీన్ని ఎప్పుడో పసిగట్టాయి. క్రీస్తుపూర్వం 418లో మాంటినియా యుద్ధంలో స్పార్టావాళ్లు వాద్యం ఊదించుకుంటూ నెమ్మదిగా ముందుకు కదిలారని గ్రీకు చరిత్రకారుడు థూసిడిడీస్ రాశాడు. అది దేవుడి కోసం ఊదింది కాదని, అడుగు చెదిరి వరుస విడిపోకుండా ఉండటానికేనని కూడా ఆయనే చెప్పాడు. ఆ వాద్యం పేరు ఔలోస్, మన సన్నాయికి దూరపు చుట్టం అనుకోవచ్చు. ఒట్టోమన్ సుల్తానుల మెహ్తర్ అనే సైనిక వాద్య దళాల దగ్గర నుంచి పెద్ద డ్రమ్ము, కంచు తాళాలు ఐరోపా పటాలాల్లోకి వెళ్లాయి, అక్కడి నుంచి కంపెనీవాళ్లతో మన దాకా వచ్చాయి. తుపాకులు వచ్చాక అవసరం ఇంకా పెరిగింది, ఎందుకంటే అప్పటి తుపాకీ ఒకసారి పేల్చాక మళ్లీ మందు దట్టించడానికి చాలా తతంగం ఉండేది, పక్కవాడి మోచెయ్యి తగిలేంత దగ్గరగా నిలబడి అందరూ ఒకేసారి చెయ్యకపోతే వరుస కకావికలైపోయేది. 1757 జనవరిలో బుస్సీ ఫ్రెంచి సేన విజయనగరం రాజుతో కలిసి బొబ్బిలి కోట చుట్టూ మోహరించే నాటికి ఈ అడుగు కలిపే పద్ధతి ఐరోపాలో ఒక్కో సైన్యానికే పాకుతోంది.

ఈ రోజుల్లో కవాతు చేసుకుంటూ యుద్ధానికి వెళ్లేవాడు ఎవడూ లేడు, డ్రోన్ల కాలంలో వరుసలో నిలబడితే చావే. మరి ఇంకా నెలల తరబడి ఎందుకు నేర్పిస్తున్నారు? విలియం మెక్‌నీల్ అనే చరిత్రకారుడికి ఈ ప్రశ్న సొంత అనుభవంలోంచే వచ్చింది. 1941లో ఆయన్ని అమెరికా సైన్యంలోకి తీసుకుని టెక్సస్ క్యాంపులో పడేశారు. నేర్పడానికి సరిపడా ఆయుధాలు లేక రోజూ గంటల తరబడి ఎండలో కవాతు చేయించారు. పనికిరాని పని అని తెలిసి కూడా అది తనకు నచ్చిందని, ఒళ్లు పెద్దదైపోయినట్టు, అందరిలో కలిసిపోయినట్టు ఏదో హాయి ఉండేదని ఆయన చాలా ఏళ్ల తర్వాత రాశారు. దానికి ఆయన పెట్టిన పేరును తెలుగులో కండరాల బంధం అనొచ్చు.

తర్వాత ల్యాబుల్లో దీన్ని రకరకాలుగా పరీక్షించారు. 2009లో స్టాన్‌ఫోర్డ్‌లో విల్టర్‌ముత్, హీత్ విద్యార్థుల్ని ముగ్గురేసి చొప్పున క్యాంపస్‌లో తిప్పారు, కొందరిని అడుగు కలిపి, కొందరిని మామూలుగా. ఆ తర్వాత ఒకరినొకరు నమ్మితేనే లాభం వచ్చే ఆట ఆడిస్తే, అడుగు కలిపినవాళ్లు ఎక్కువ సహకరించుకున్నారు. వాళ్లకేమీ సంతోషం పెరిగిన దాఖలా లేదు, అయినా నమ్మకం పెరిగింది. ఆక్స్‌ఫర్డ్‌లో పడవ పోటీల కుర్రాళ్లు ఒక్కొక్కరుగా తెడ్డు వేసినప్పటికంటే జట్టుగా వేసినప్పుడు నొప్పిని ఎక్కువగా ఓర్చుకున్నారు. 2014లో ఫెస్లర్, హోల్‌బ్రుక్ చేసింది ఇంకా విచిత్రం: ఇంకో మగాడితో అడుగు కలిపి నడిచిన మగవాళ్లకు ఫొటోలో కోపంగా ఉన్న మనిషిని చూపిస్తే, అతను చిన్నగా, బక్కగా కనిపించాడు. పక్కన ఒకడు అడుగు కలిపితే ఎదుటివాడు కురచైపోతాడు. వీధి కొట్లాటలు చూసినవాళ్లకు దీనికి ల్యాబ్ అక్కర్లేదు లెండి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు సొంత కవాతు ఒకటుంది, తప్పెటగుళ్లు. గొల్లలు గంగమ్మ పేరున, కాటమరాజు పేరున ఆడే ఆట. రేకుతో చేసిన గుండ్రని వాద్యం గుండెకు ఆనేలా మెడలోంచి వేలాడుతుంది, రెండు చేతులా దాన్నే వాయిస్తారు, కాళ్లకు గజ్జెలు. దగ్గర నిలబడి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. గుళ్లు (ఆ రేకు వాద్యం) వాయించే చెయ్యీ గెంతే కాలూ ఒకే మనిషివి, కాబట్టి దరువు బయటి నుంచి రావట్లేదు, ప్రతివాడూ దాన్ని తన రొమ్ము మీద తనే మోగించుకుంటున్నాడు. రేకు అదురు ముందు ఎముకల్లోకి పోతుంది, ఆ తర్వాతే చెవికి. పదిహేను ఇరవై మంది వలయంలో తిరుగుతూ ఉన్నట్టుండి వెనక్కి మళ్లుతారు, కూర్చుని లేస్తారు, ఒకరి మీద ఒకరు ఎక్కుతారు, నాయకుడు పాటలో ఒక మాటో గుళ్ల మీద ఒక వరసో మార్చితే చాలు. ఏ డ్రిల్ హవల్దారూ ఇంత తక్కువ మాటలతో ఇంతమందిని తిప్పలేడు. గంట గడిచాక చెమటతో రేకు జారిపోతున్నా ఆపరు, చూసేవాళ్లే అలిసిపోతారు. తీరంలో, కళింగపట్నం వైపో భావనపాడు వైపో, ఒడ్డు నుంచి పెద్ద వల లాగేటప్పుడు వినిపించే హైలెస్సా పని వేరు. ఇరవై మంది ఇరవై క్షణాల్లో లాగితే తాడు కదలదు, ఒక్క క్షణంలో లాగితే కదులుతుంది. అక్కడ దరువు బలాన్ని కూడుతుంది. తప్పెటగుళ్లలో అది మనుషుల్ని కూడుతుంది.

ఇక్కడొక చిక్కుంది. దరువు 'ఎప్పుడు' అన్నది చెబుతుంది, 'ఎటు' అన్నది చెప్పదు. ఆ రెండోది ముందు నడిచేవాడి చేతిలో ఉంటుంది. పైన చెప్పిన విల్టర్‌ముత్తే 2012లో ఇంకో ప్రయోగం చేశాడు. ప్రయోగం చేయించే మనిషితో అడుగు కలిపి నడిచినవాళ్లు, తర్వాత అతను చిన్న పురుగుల్ని చంపే యంత్రంలోకి వెయ్యమంటే, మిగతావాళ్ల కంటే ఎక్కువ పురుగుల్ని వేశారు (వాళ్లు అలా అనుకున్నారు గానీ యంత్రం నిజంగా చంపదు). నమ్మకం పెంచిన అడుగే మాట వినేలా కూడా చేసింది. అందుకే పాలించేవాడికీ ఎదిరించేవాడికీ ఒకేలా డ్రమ్ము కావాల్సి వస్తుంది. శ్రీకాకుళం నక్సలైటు ఉద్యమంలో కవి సుబ్బారావు పాణిగ్రాహి చేతపట్టింది ఉత్తరాంధ్ర పల్లెల్లో అందరికీ తెలిసిన జముకు అనే వాద్యాన్నే, 1969 డిసెంబరులో ఆయన చనిపోయాక ఆ దరువును వంగపండు ప్రసాదరావు లాంటివాళ్లు అందుకున్నారు. వాళ్ల మీదికి వెళ్లిన రిజర్వు పోలీసులు నేర్చుకున్నదీ దరువుకే. ఊళ్లో ఎన్నికల ర్యాలీలకు డప్పులవాళ్లు ఒక రోజు ఒక జెండా వెనక, మర్నాడు ఇంకో జెండా వెనక వాయిస్తారు, దెబ్బ మాత్రం అదే, జనం ఊపూ అదే.

పొడుగు ఊరేగింపుల్లో ఇంకో తమాషా ఉంటుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. నిమిషానికి 120 అడుగులంటే అడుగుకు అర సెకను, ఆ అర సెకనులో శబ్దం వెళ్లేది 170 మీటర్లు. బ్యాండు ముందుండి, వరుస అంత పొడుగు సాగితే, చివరివాడు దెబ్బ విన్న క్షణంలో ముందువాడు అప్పటికే రెండో కాలు వేసేసి ఉంటాడు. ఇద్దరూ డ్రమ్ముకు సరిగ్గానే కలిపారు, అయినా ఒకడిది ఎడమ, ఒకడిది కుడి. పోలీస్ పరేడ్ గ్రౌండులో గ్యాలరీ నుంచి చూస్తే దూరంగా ఉన్న దళం ఎప్పుడూ అర అడుగు తప్పినట్టు కనిపించేది కొంత ఇందువల్లే, తప్పు వాళ్లది కాదు. పైడితల్లి సిరిమానోత్సవంలో మూడు లాంతర్ల నుంచి కోట దాకా కిక్కిరిసిన జనంలో ఒక్క దరువుతో అందరినీ నడపడం అయ్యే పనే కాదు. అందుకే జనం ముద్దలు ముద్దలుగా ఊగుతారు, ఏ ముద్దకు ఆ డప్పు.

అడుగు కలపకూడని చోటు కూడా ఉంది, వంతెన. 1831 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని బ్రాటన్ దగ్గర 74 మంది సైనికులు వేలాడే వంతెన మీద కలిసి నడుస్తుంటే అది వాళ్ల అడుగులకు ఊగడం మొదలైంది. సరదా పుట్టి ఇంకాస్త గట్టిగా తొక్కారు, గొలుసు పట్టు ఊడి వంతెన ఒక పక్క ఏట్లోకి ఒరిగింది, ఇరవై మంది దాకా దెబ్బలు తిన్నారు. అప్పటి నుంచి వంతెన మీద అడుగు విడగొట్టమనే ఆర్డరు సైన్యాల్లో వచ్చింది. 1850లో ఫ్రాన్స్‌లోని ఆంజేలో గాలివానలో వంతెన తెగి 200 మందికి పైగా సైనికులు పోయారు, అక్కడ తుప్పు కూడా తోడైంది. వీటికంటే 2000 జూన్‌లో లండన్ మిలీనియం బ్రిడ్జి కథ బాగుంటుంది. అక్కడ డ్రమ్మూ లేదు, సైన్యమూ లేదు, తెరిచిన మొదటి రోజు చూడ్డానికొచ్చిన మామూలు జనం. వంతెన కొద్దిగా పక్కకు ఊగేసరికి పడిపోకుండా కాళ్లు ఎడం చేసి దాని ఊపుకే అడుగు వేశారు, దాంతో అది ఇంకా ఊగింది. వంతెనే డ్రమ్మైపోయింది. రెండు రోజుల్లో మూసేసి, ఊపు తగ్గించే పరికరాలు బిగించి, 2002లో గానీ తిరిగి తెరవలేదు.

వీటన్నిటిలో మామూలు ఇళ్లకు ఎక్కువ పనికొచ్చేది వైద్యం సంగతి. పార్కిన్సన్స్ వచ్చినవాళ్లలో దెబ్బతినేది ఆ బేసల్ గాంగ్లియా వ్యవస్థే. కాళ్లలో బలం ఉంటుంది, కానీ గుమ్మం దగ్గరికి రాగానే నేలకు అతుక్కుపోయినట్టు అడుగు పడదు. లోపలి డ్రమ్ము ఆగిపోయింది కాబట్టి బయటి నుంచి ఒకటి ఇస్తే? మైకేల్ థాట్ బృందం 1996లో అదే చేసింది. మూడు వారాల పాటు రోజూ అరగంట, గట్టి బీట్ ఉన్న సంగీతానికి నడిపిస్తే నడక వేగం సుమారు 25 శాతం పెరిగింది. పక్షవాతం తర్వాత నడక నేర్పడానికీ ఈ పద్ధతి వాడతారు. ముందు మనిషి మామూలుగా నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నాడో లెక్కపెట్టి, సమానంగా టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్‌ను అదే వేగంలో పెట్టి, కాలు కుదిరాక కొద్దికొద్దిగా పెంచుతారు. మొదటిసారి ఫిజియోథెరపీవాళ్ల ఎదుటే చెయ్యడం మంచిది, వేగం ఎక్కువ పెడితే పడిపోతారు. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ లేకపోతే ఇంట్లో ఒకరు చప్పట్లు కొట్టినా, 'ఒకటి, రెండు' అని పక్కన అంటున్నా పనిచేస్తుంది.

ఇదే దరువు ఒంటికి మించితే ఎముక విరుగుతుంది. ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన ఆడవాళ్లకు కటి ఎముకల్లో సన్నటి పగుళ్లు వస్తుంటే కారణం వెతికారు. పొడుగు మగవాళ్లతో అడుగు కలపడానికి తమ కాలి కొలతకు మించి చాచడం అందులో ముఖ్యమైనది. వేగం తగ్గించి, ఎవరి అడుగు పొడుగు వాళ్లను వేసుకోనిచ్చి, ఇంకొన్ని మార్పులు చేస్తే ఆ పగుళ్లు బాగా తగ్గిపోయాయి. స్కూలు పరేడ్‌లో ఆరో తరగతి పిల్లల్ని పదో తరగతి వాళ్ల వెనక నిలబెట్టి 30 అంగుళాల అడుగు వెయ్యమనే మాస్టార్లకు ఇది ఎవరైనా చెప్తే బావుణ్ను. ఆ చివరి వరుస కవాతు చెయ్యదు, సగం నడుస్తుంది, సగం పరిగెడుతుంది.

ఇక పెళ్లి బ్యాండు. ఎర్ర కోటు, భుజం మీద బంగారు రంగు కుచ్చులు, టోపీ, క్లారినెట్, ట్రంపెట్, సైడ్ డ్రమ్ము, అంతా సైన్యం బ్యాండు నుంచి దిగిందే, చెప్పులు తప్ప. వాయించే సినిమా పాటల్లో చాలావాటి వేగం కూడా కవాతుకు అటూ ఇటూగానే ఉంటుంది. అయినా ఆ వెనక ఒక్కడూ అడుగు కలిపి నడవడు. భుజాలు కలుస్తాయి, మోకాళ్లు కలుస్తాయి, చప్పట్లు కలుస్తాయి, అంతా ఉన్నచోటే. విడిదింటి నుంచి కల్యాణ మండపం అర కిలోమీటరు ఉంటే కవాతు లెక్కన ఐదున్నర నిమిషాల దారి, ఊరేగింపుకు గంటన్నర. ముహూర్తం దాటిపోతోందని పెళ్లికూతురి మేనమామ వచ్చి ముందుకు నడవండని బ్యాండువాళ్ల మీద కేకలేస్తాడు. డ్రమ్మతను రెండడుగులు వేస్తాడు. ఎదురుగా పెళ్లికొడుకు ఫ్రెండ్సు దారికి అడ్డంగా నిలబడి, ఇంకో పాట అని వేలు చూపిస్తారు. అతను మేనమామ వైపు ఒకసారి, వాళ్ల వైపు ఒకసారి చూసి, అక్కడే నిలబడి మళ్లీ మొదలుపెడతాడు.